గొడ్డలి రాలిన ఏరు, సూది పట్టిన ఊరు

అనంతపురం నుంచి గుత్తి వైపు బస్సెక్కితే దారిలో పామిడి వస్తుంది. పెన్న ఒడ్డున ఊరు. ఒడ్డునే భోగేశ్వరస్వామి గుడి. పేరుకు నది పక్కనే ఉన్నా, ఏడాదిలో ఎక్కువ నెలలు కనిపించేది ఇసుకే. ఏటా సుమారు 550 మిల్లీమీటర్ల వానతో సరిపెట్టుకునే జిల్లా ఇది. దేశంలో అతి తక్కువ వాన పడే చోట్లలో ఒకటి. శెనక్కాయ విత్తిన రైతు ఎప్పుడూ పైకే చూస్తుంటాడు.

కానీ పామిడి వీధుల్లో నడిస్తే ఆకాశంతో సంబంధం లేని చప్పుడొకటి వినిపిస్తుంది. కుట్టుమిషన్ల చప్పుడు. రెడీమేడ్ బట్టలు, నైటీలు ఇక్కడ తయారై మూటలు మూటలుగా బయటి ఊళ్ళకు పోతాయి. వాన ఎగ్గొట్టిన ఏడాది కూడా మిషను ఆగదు. ఈ వ్యాపారంలో భావసార క్షత్రియులది పెద్ద చెయ్యి. బజారులో తెలుగు, ఇంట్లో మరాఠీ మాట్లాడతారు. ఈ సీమకు మరాఠీ కొత్తేమీ కాదు. పక్కనున్న గుత్తి కోట 1776లో హైదర్ అలీ చేతికి చిక్కేదాకా మురారిరావు ఘోర్పడే ఏలుబడిలోనే ఉంది.

పేరు చివర క్షత్రియులు, చేతిలో సూదీ దారం. ఈ రెండూ ఎలా కలిశాయని అడిగితే ఆ ఇళ్ళల్లో పెద్దవాళ్ళు ఒక కథ చెబుతారు. మనందరికీ తెలిసిన కథే. కాకపోతే మనం విన్న వైపు నుంచి కాదు.

అటు వైపు కథ

పరశురాముడి కథ తెలియనిదెవరికి? కార్తవీర్యార్జునుడు జమదగ్ని మహర్షి ఆశ్రమానికి వచ్చి హోమధేనువును తోలుకుపోయాడు. పరశురాముడు వెళ్ళి ఆ వేయి చేతులనూ నరికి అతణ్ణి చంపాడు. కార్తవీర్యుడి కొడుకులు పగబట్టి, కొడుకు ఇంట్లో లేని సమయం చూసి జమదగ్నిని చంపారు. అప్పుడు పరశురాముడు గొడ్డలి ఎత్తాడు. ఇరవైయొక్క సార్లు భూమంతా తిరిగి క్షత్రియులన్నవాళ్ళను లేకుండా చేశాడు. శమంతపంచకంలో ఐదు మడుగులు నెత్తురుతో నింపి తండ్రికి తర్పణం విడిచాడు.

హరికథలో ఈ ఘట్టం వచ్చినప్పుడు మన చూపంతా గొడ్డలి మీదే ఉంటుంది. ఆ గొడ్డలికి ఎదురుగా ఎవరున్నారో పెద్దగా పట్టించుకోం. తప్పు చేసింది కార్తవీర్యుడూ అతని కొడుకులూ. ఇరవైయొక్క సార్లు తిరిగితే వాళ్ళొక్కరే దొరుకుతారా? ఏ పాపమూ తెలియని పసివాళ్ళ సంగతేమిటి?

భావసారుల కథ మొదలయ్యేది అక్కడే. సౌరాష్ట్ర దేశంలో భావసింహుడు, సారసింహుడు అని ఇద్దరు రాకుమారులు. గొడ్డలి తమ గడప దాకా వస్తోందని తెలిసి పడమటికి పరుగెత్తారు. ఎడారి దాటి, కొండ గుహలో వెలసిన హింగుళాదేవి కాళ్ళ మీద పడ్డారు. అమ్మ వాళ్ళను దాచింది. ఆయుధాలు అక్కడే వదిలేయమంది. బదులుగా గుడ్డకు రంగు వేయడం, అచ్చు అద్దడం, కుట్టడం నేర్పింది. ఆ ఇద్దరి పేర్లూ కలిసి భావసార అయ్యాయని చెబుతారు.

ఇది కులం వాళ్ళు చెప్పుకునే కథ కదా, గొప్ప కోసం అల్లుకున్నారేమో అనిపించవచ్చు. ఇలాంటి కథలు ఇంకా ఉన్నాయి కూడా. హుబ్బళ్ళి ప్రాంతంలో పట్టు నేసే సహస్రార్జున క్షత్రియులు ఆ కార్తవీర్యుడే తమ మూలపురుషుడంటారు. అమ్మగా కొలిచేది మళ్ళీ హింగుళాదేవినే. చరిత్రగా వీటిని రుజువు చేయడం కష్టమే. కానీ ఈ కథలకు పురాణాల్లో చోటు లేదని మాత్రం అనలేం.

భూదేవి చెప్పిన సాక్ష్యం

భాగవతం నవమ స్కంధంలో మూలకుడనే రాజు ఉన్నాడు. పరశురాముడు వచ్చినప్పుడు ఆడవాళ్ళు చుట్టూ నిలబడి ఆ పిల్లవాణ్ణి దాచారు. అందుకే అతనికి నారీకవచుడు అని పేరొచ్చింది. ఆడవాళ్ళే అతనికి కవచం.

మహాభారతం శాంతిపర్వంలో ఇంకా వివరంగా ఉంది. ధర్మరాజుకు శ్రీకృష్ణుడు చెప్పిన కథ అది. పరశురాముడు గెలిచిన భూమినంతా కశ్యపుడికి దానం చేశాడు. రాజన్నవాడు లేక బలవంతుడిదే రాజ్యమయింది. భూమి కుంగిపోసాగింది. కశ్యపుడు ఆమెను తొడ మీద నిలుపుకున్నాడు. అప్పుడు భూదేవి ఒక రహస్యం చెప్పింది. ‘క్షత్రియుల పిల్లలు కొందరిని నేను దాచాను, వాళ్ళను పిలిపించు’ అంది.

ఎక్కడెక్కడ దాచిందో ఒక్కొక్కటీ చెబుతుంది. ఒకణ్ణి కొండ మీద ఎలుగుబంట్లు పెంచాయి. ఒకణ్ణి అడవిలో ఆవులు సాకాయి. ఇంకొకడు కొట్టంలో దూడల మధ్య పెరిగాడు. మరొకణ్ణి గృధ్రకూటం మీద కొండముచ్చులు కాపాడాయి. పరాశర మహర్షి ఆశ్రమంలో అన్ని పనులూ చేస్తూ పెరిగినవాడికి సర్వకర్ముడనే పేరు స్థిరపడింది. ఈ జాబితా చివర్లో ఒక మాట ఉంది. ఇంకా కొందరు కమ్మరులు, కంసాలులు వంటి పనివాళ్ళ ఇళ్ళల్లో తలదాచుకున్నారని భూదేవి చెబుతుంది.

ఒక్క క్షణం ఆగి ఆలోచించాల్సిన మాట ఇది. రాజు బిడ్డ ప్రాణానికి పూచీ పడింది ఇంకో రాజు కాదు. ఎలుగుబంటి, ఆవు, ఆడవాళ్ళు, చేతిపని చేసుకునేవాళ్ళు. కశ్యపుడు ఆ పిల్లలను పిలిపించి పట్టం కట్టాడు. వాళ్ళు రాజులై తిరిగి వెళ్ళారు. భావసారుల కథలో రాకుమారులు మాత్రం వెళ్ళలేదు. చేతికి వచ్చిన పనినే పట్టుకుని ఉండిపోయారు.

రంగు పేరున్న దేవత

ఇంతకీ ఆ అమ్మ ఎక్కడుంది? ఇప్పుడు పాకిస్తాన్‌లో ఉన్న బలూచిస్తాన్‌లో, కరాచీకి పడమరగా దాదాపు 250 కిలోమీటర్ల దూరంలో, హింగోల్ నది దాపున కొండ గుహలో. దక్షయజ్ఞంలో ప్రాణం విడిచిన సతీదేవి శరీరం ముక్కలై పడినప్పుడు బ్రహ్మరంధ్రం ఇక్కడ పడిందంటారు. శక్తిపీఠాల్లో ఒకటి. లోపల శిల్పి చెక్కిన విగ్రహం లేదు. సిందూరం పూసిన రాయి, అంతే. ఏటా వేసవి మొదట్లో నాలుగు రోజుల యాత్ర జరుగుతుంది. సింధు ప్రాంతపు హిందువులు వేలల్లో వస్తారు. అక్కడి ముస్లింలకూ ఆ చోటంటే భక్తే. వాళ్ళు నానీ మందిర్ అంటారు.

హింగుళం అంటే మన తెలుగులో ఇంగిలీకం. ఎర్రగా ఉండే ఖనిజం, పాతకాలంలో రంగుకు వాడేవారు. గుడ్డకు రంగులద్దే వాళ్ళ కులదేవత పేరులోనే రంగుంది!

చేతిపని ఎక్కడుంటే అక్కడ దాని వెనక ఒక దేవుడో దేవతో ఉండటం మన దగ్గర మామూలే. పద్మశాలీలు మార్కండేయుడి కొడుకు భావనారుషి తామర తూళ్ళ నుంచి నూలు తీసి దేవతలకు బట్టలు నేశాడని చెప్పుకుంటారు. వడ్రంగి, కమ్మరి, కంసాలి విశ్వకర్మ పేరు తలుస్తారు. పండరిపురంలో నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడ్డ పాండురంగణ్ణి భావసారులు ఇంటి దేవుడిలా కొలుస్తారు. ఆ పాండురంగడికి ప్రాణమైన భక్తుడు నామదేవుడు పుట్టింది దర్జీల ఇంట్లోనే. ఆయన కీర్తనలు అరవైయొకటి సిక్కుల గురుగ్రంథంలో కూడా చేరాయి.

అదే నీళ్ళలో...

కథ ఇక్కడితో ముగియలేదు. గొడ్డలి ఏమైందో తెలియాలి కదా.

తండ్రి ఆజ్ఞ మీద పరశురాముడు కన్నతల్లి రేణుక తల నరికాడు. తండ్రి మెచ్చి వరమిస్తే ఆమెనే బతికించమన్నాడు. తల్లి లేచి కూర్చుంది కానీ చేసిన పాపం పోలేదు. గొడ్డలి చేతికి అంటుకుపోయింది. ఎన్ని తీర్థాలు మునిగినా ఊడలేదు. చివరికి రాజంపేట దగ్గర చెయ్యేటిలో మునిగితే రాలిపోయింది. హత్యాపాపం రాలిన చోటు గనక అత్తిరాల అయిందని అక్కడివాళ్ళు చెబుతారు. ఆ ఊళ్ళో పరశురాముడికి గుడి ఉంది.

చెయ్యేరుకు ఆ పేరు వెనక ఇంకో కథ ఉంది. శాంతిపర్వంలోనే ఉన్న శంఖలిఖితుల కథ. అన్న శంఖుడి ఆశ్రమంలో తమ్ముడు లిఖితుడు అడక్కుండా పండు కోసుకుని తిన్నాడు. అది దొంగతనమన్నాడు అన్న. లిఖితుడు సుద్యుమ్న మహారాజు దగ్గరికి వెళ్ళి శిక్ష వేయమని అడిగి మరీ రెండు చేతులూ నరికించుకున్నాడు. తరవాత అన్న చెప్పినట్టు బాహుదానదిలో మునిగి తర్పణం విడవబోతే చేతులు మళ్ళీ మొలిచాయి. చేతులిచ్చిన ఆ బాహుదే మన చెయ్యేరని నమ్మకం.

ఆ చెయ్యేరు చివరికి కలిసేది పెన్నలోనే. పెన్న అసలు పేరు పినాకిని. పినాకమంటే శివుడి విల్లు. నందికొండల్లో పుట్టి, పామిడి పక్కగా పారి, కడప జిల్లాలో చెయ్యేటిని కలుపుకుని, నెల్లూరు దాటి సముద్రంలో పడుతుంది. విల్లు పేరున్న నది అది. గొడ్డలి రాలిన నీళ్ళు దిగువన అందులో కలుస్తాయి. ఎగువన దాని ఒడ్డునే, ఆ గొడ్డలికి భయపడి పారిపోయామని చెప్పుకునేవాళ్ళు గుడ్డ కుట్టుకుంటూ బతుకుతున్నారు. తరిమినవాడూ తరమబడినవాళ్ళూ చివరికి ఒకే పెన్న నీళ్ళకు చేరారు. ఇద్దరి కథలోనూ ముగింపు ఒకటే, చేతిలోని ఆయుధం కింద పడటం.

వరమా, శిక్షా?

ఒకప్పుడు రాజులం, ఇప్పుడు సూది పట్టుకున్నాం అని ఈ కథను నిట్టూర్పుతో చెప్పుకునేవాళ్ళుంటారు. మా నాన్న టైలర్ అని బడిలో చెప్పడానికి గొంతు తగ్గించే పిల్లలూ ఉంటారు. కుట్టేవాళ్ళనే ఏముంది, నేసేవాళ్ళ పిల్లలూ అంతే, కుండలు చేసేవాళ్ళ పిల్లలూ అంతే. చేతిపనిని తక్కువ చేసి చూసే చూపు ఊరందరిదీ అయినప్పుడు పిల్లలను మాత్రం ఏమనగలం?

కానీ కథను సరిగ్గా వింటే అందులో నిట్టూర్పు లేదు. శరణన్నవాళ్ళకు దేవత ఏదైనా ఇవ్వగలదు. గొడ్డలిని మించిన ఆయుధం ఇచ్చి పగ తీర్చుకోమనగలదు. అలా ఇచ్చి ఉంటే ఇరవైరెండోసారి నెత్తురు పారేది. అమ్మ అలా చేయలేదు. సూదినిచ్చింది. గొడ్డలి ఒకటిగా ఉన్నదాన్ని రెండు చేస్తుంది. సూది రెండుగా ఉన్నదాన్ని ఒకటి చేస్తుంది. ఏది వరమో ఆమెకు తెలుసు. రాజ్యాలు పోయాయి, కోటలు కూలాయి. గుత్తి కోటలో ఇప్పుడు తిరిగేది చూడవచ్చిన జనం. సూది మాత్రం కరువు నేలలో కూడా అన్నం పెడుతూనే ఉంది.

దసరాలో మహర్నవమి నాడు ఆయుధపూజ చేస్తాం. పోలీసు స్టేషన్లలో తుపాకులకు, బస్ డిపోల్లో బస్సులకు బొట్లు పెడతారు. దర్జీ ఇంట్లో ఆ రోజు మిషను ఆగుతుంది. నూనె మరకలు తుడిచి, పసుపు కుంకుమలు పెట్టి, చక్రానికి పూలదండ చుడతారు. ముందు పళ్ళెంలో కత్తెర, టేపు, సూదులు.

ఆయుధం కింద పెట్టమని అమ్మ చెప్పిన ఇళ్ళల్లో, ఆయుధపూజ నాడు దండం అందుకునేది సూదే.