ల్యాబ్ బల్ల పక్కన పిల్లల్ని ఇంకెన్నాళ్లు పెంచుదాం?

తోటి అధ్యాపకులకు, ల్యాబ్ సిబ్బందికి, పరిశోధక విద్యార్థులకు,

మొన్న గురువారం ఎమ్మెస్సీ మొదటి ఏడాది వాళ్లకు ప్రాక్టికల్. డైక్రోమేట్‌తో ఇనుము లెక్కకట్టే ప్రయోగం. రెండు నుంచి ఐదు దాకా కదలడానికి లేదు. మా పాప ఎల్‌కేజీ పన్నెండున్నరకే వదిలేస్తారు. పాపను చూసుకునే ఆవిడ ఆ రోజు రాలేదు. నాలుగేళ్ల పిల్లను వెంటబెట్టుకొచ్చి, నా కుర్చీ పక్కన బొమ్మల పుస్తకం ఇచ్చి కూర్చోబెట్టాను. ఎండ్ పాయింట్ దాటిపోయిందని ఒకమ్మాయి పిలిస్తే అటు వెళ్లాను. తిరిగి చూసేసరికి పాప మునివేళ్ల మీద నిలబడి, నారింజ రంగు ద్రావణం ఉన్న బీకరు వైపు చెయ్యి చాస్తోంది. "అమ్మా, జ్యూసా?" అంది.

ల్యాబ్ అటెండరు బీకరు లాగేశాడు. ఆ రంగు ఎంత విషమో, పక్క సీసాలోని గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లం ఏం చేస్తుందో మీకు నేను చెప్పాలా?

మర్నాడు మెమో వచ్చింది. పిల్లల్ని ల్యాబ్‌లోకి తేవడం భద్రతా నియమాలకు విరుద్ధమని. విరుద్ధమే. ఏటా కొత్త బ్యాచికి ఆ నియమం చదివి వినిపించేది నేనే. తప్పు ఒప్పుకుంటున్నాను. మరి పాపను ఎక్కడ ఉంచాలో ఆ మెమోలో ఒక్క ముక్క లేదు.

పనిచేసే ఆడవాళ్ల పిల్లలకు గది చూపించమని 1948లోనే ఫ్యాక్టరీల చట్టం చెప్పింది. 1951లో తోట కార్మికుల చట్టమూ అదే అంది. 1969లో ఢిల్లీ రాజ్‌ఘాట్ దగ్గర కూలీల పిల్లలు మట్టిలో పడి ఉండటం చూసి మీరా మహాదేవన్ గుడారంలో క్రెష్ మొదలుపెట్టారు. 2017లో ప్రసూతి ప్రయోజనాల చట్టాన్ని సవరించి, 50 మంది, అంతకు మించి పనిచేసే చోట క్రెష్ ఉండాలన్నారు. తల్లి రోజుకు నాలుగుసార్లు వెళ్లి బిడ్డను చూసి రావచ్చన్నారు. మన పరీక్షల విభాగం ఒక్కదాంట్లోనే అంతమంది ఉన్నారు. కూలీల గుడారంలో సాధ్యమైనది ఇన్ని భవనాలున్న క్యాంపస్‌లో ఎందుకు కాదు?

సెలవులున్నాయిగా అంటారు. ఎవరికి? యూజీసీ 2018 నిబంధనల్లో మహిళా అధ్యాపకులకు 730 రోజుల శిశు సంరక్షణ సెలవు ఉంది, అది పర్మనెంట్ వాళ్ల చేతికే అందుతోంది. కాంట్రాక్టు అధ్యాపకులు మొత్తం పోస్టుల్లో 10 శాతం దాటకూడదని, వాళ్ల జీతం రెగ్యులర్ అసిస్టెంట్ ప్రొఫెసర్ మొత్తం జీతానికి తగ్గకూడదని కూడా ఆ నిబంధనలే చెప్పాయి. అవి మాత్రం ఎవరికీ గుర్తుండవు. మా విభాగంలో సగానికి పైగా ప్రాక్టికల్స్ నడిపేది కాంట్రాక్టు వాళ్లం, గంటల లెక్క మీద పనిచేసేవాళ్లం. సెలవు పెడితే ఆ పూట డబ్బు పోతుంది. నాలుగుసార్లు పెడితే వచ్చే ఏడు రెన్యువల్ ఊసెత్తరు.

మాలో ఒకామె కాన్పయిన నలభయ్యో రోజునే క్లాసుకొచ్చింది. పాలు పిండుకోవడానికి కెమికల్ స్టోర్ రూములోకి వెళ్లి లోపల గొళ్లెం పెట్టుకునేది, ఆ ఎసిటోన్, ఈథర్ ఘాటు మధ్య. బయట మేం వంతులేసుకుని కాపలా ఉండేవాళ్లం. ఢిల్లీలో మస్టర్ రోల్ మీద పనిచేసే ఆడవాళ్లకూ ప్రసూతి సెలవు ఇవ్వాల్సిందేనని సుప్రీంకోర్టు 2000లోనే తేల్చింది. పీహెచ్‌డీ చేసి పాఠం చెప్పే మనిషికి ఇక్కడ ఆ దిక్కు కూడా లేదు. ఆ గొళ్లెం సంగతి తెలిసీ ఊరుకున్న ప్రతి అధికారీ సిగ్గుపడాలి.

నిధుల్లేవన్న మాట ఇక వినం. స్నాతకోత్సవం పందిళ్లకు దొరికిన నిధులు క్రెష్‌కూ దొరుకుతాయి. అత్తగారు చూసుకోరా అనేవాళ్లతో మాకు వాదన లేదు.

పాత రీడింగ్ రూము మూడేళ్లుగా తాళం వేసి ఉంది. సున్నం కొట్టించి, నీళ్లు, మరుగుదొడ్డి ఏర్పాటు చేసి, ఇద్దరు ఆయాలను పెడితే వచ్చే సెమిస్టర్‌కల్లా క్రెష్ నడుస్తుంది. సాయంత్రం ఆరు దాకా తెరిచి ఉండాలి. ప్రాక్టికల్ ఐదింటికి అయినా, గాజుసామాను కడిగించి తాళం వేసేసరికి ఐదున్నర అవుతుంది. కాంట్రాక్టు, గెస్ట్, స్కాలర్, స్వీపర్ ఎవరి బిడ్డనైనా, తల్లి తెచ్చినా తండ్రి తెచ్చినా చేర్చుకోవాలి.

సోమవారం ఉదయం పదిన్నరకు పరిపాలనా భవనం మెట్ల దగ్గర కలుద్దాం. వీసీగారు తేదీ వేసి రాసిచ్చేదాకా అక్కడే కూర్చుందాం. పిల్లల్ని తీసుకురండి. పాలసీసా, దుప్పటి మర్చిపోకండి.

— రసాయన శాస్త్ర కాంట్రాక్టు అధ్యాపకురాలు