రైళ్లు వేళకు నడిచాయట!

మా మదనపల్లెకు రైలు స్టేషను ఊళ్లో లేదు, ఎక్కడో సీటీఎం దగ్గర ఉంది. అయినా ఇక్కడి పెద్దమనుషులు కొందరికి అత్యవసర పరిస్థితి అనగానే వేళకు నడిచిన రైళ్లే జ్ఞాపకం వస్తాయి. ఎవరి ముచ్చట వారిది.

నా తగవు వారితో కాదు. ఏటా జూన్ 25న ఆనాటి నిర్బంధాన్ని దుయ్యబట్టే నాయకులతో. జైలుపాలైన నేతల పేర్లు వల్లిస్తారు. వల్లించవలసినవే. గిరాయిపల్లి మాట మాత్రం ఎత్తరు.

1975 జూలైలో మెదక్ జిల్లా గిరాయిపల్లి అడవిలో వరంగల్ ఇంజనీరింగు విద్యార్థి సూరపనేని జనార్దన్, మరి ముగ్గురు యువకులు పోలీసు తూటాలకు బలయ్యారు. ఎదురుకాల్పులన్నారు. 1977లో తార్కుండే సంఘం విచారించి, వారిని పట్టుకొచ్చి చెట్లకు కట్టి కాల్చారని తేల్చింది. దానిపై జస్టిస్ భార్గవ కమిషన్ ఏర్పడింది. వేసినదెవరు? కాల్పులనాడు గద్దెమీదున్న వెంగళరావు ప్రభుత్వమే! ముద్దాయి ఇంటి అరుగు మీద పంచాయతీ అన్నమాట. అయినా బహిరంగ విచారణలో సాక్షులు నోరు విప్పారు, కన్నబిరాన్ పోలీసులను ప్రశ్నించారు. అంతట రాష్ట్ర ప్రభుత్వం విచారణ తలుపులు మూసి జరగాలన్నది. పౌరహక్కులవారు తప్పుకొన్నారు. కమిషన్ అటకెక్కింది. ఇదంతా ప్రజాస్వామ్యం తిరిగివచ్చాక జరిగిన ముచ్చటే సుమా!

ప్రజలే క్షమించారు కదా అంటారు కొందరు. నిజమే, 1977లో మనవాళ్లు 42 లోక్‌సభ స్థానాల్లో 41 కాంగ్రెసుకే కట్టబెట్టారు. నంద్యాల ఒక్కటే తప్పిపోయింది. కానీ ఓటుపెట్టె న్యాయస్థానం కాదు. నా ఓటుతో మరొకరి బిడ్డ హత్యను మాఫీ చేసే అధికారం నాకెవరిచ్చారు?

అర్జెంటీనా తన సైనిక పాలకుడు విదేలాకు 1985లో యావజ్జీవ శిక్ష వేసింది. 1990లో క్షమాభిక్ష పెట్టి వదిలేసింది. ఆపైన ఆ క్షమాభిక్షనే రద్దుచేసుకుంది. 2013లో ఆయన చెరసాలలోనే చనిపోయాడు. తడబడుతూనైనా నిలబడ్డదా దేశం. మన వెంగళరావుగారు రాజీవ్ హయాంలో కేంద్ర పరిశ్రమల మంత్రి అయ్యారు.

44వ సవరణ వచ్చింది, ఇక అత్యవసర పరిస్థితిలోనూ జీవించే హక్కును సస్పెండు చేయలేరు, ఇంకేం కావాలంటారా? అది రేపటివారికి రక్ష. గిరాయిపల్లి నలుగురికి ఏమిటి?

2014లో రాష్ట్రం రెండయింది; కుర్చీలు, భవనాలు, అప్పులు పంచుకున్నారు. భార్గవ కమిషన్ ముందు సాక్షులు చెప్పిన వాంగ్మూలాలు ఎవరి వాటాకు వచ్చాయి? ఆ కట్టలు విప్పి అచ్చువేయమని రెండు ప్రభుత్వాలనూ అడుగుతున్నాను. జూన్ 25 ఉపన్యాసాలు ఆ తరువాత వింటాను.