మారువేషం అబద్ధమా?



రాజుగారు మారువేషంలో రాత్రిపూట నగరం తిరిగే కథలు మీరెన్నో చదివారు. విరాటుని కొలువులో ద్రౌపది సైరంధ్రిగా దాగి ఉండటం గురించి విన్నారు. అబద్ధమాడరాదని బళ్ళో మీకు చెబుతాము గదా! మరి మారువేషం అబద్ధం కాదా?

హైదరాబాదుకు పడమటి వైపున హైటెక్ సిటీ ఉన్నది. అక్కడ 1998లో సైబర్ టవర్స్ అనే భవనాన్ని ప్రారంభించారు. తరువాత చుట్టూ ఎన్నో కంప్యూటరు కంపెనీలు వెలిశాయి. వేలకొద్దీ ఆడపిల్లలు అక్కడ పగలూ రాత్రీ ఉద్యోగాలు చేస్తున్నారు. బస్సు స్టాపుల్లో వాళ్ళను ఏడిపించే పోకిరీలు, ఖాకీ బట్టలు కనబడగానే బుద్ధిమంతులైపోతారు! అందుచేత 2014 అక్టోబరు 24న హైదరాబాదులో పోలీసువారు ‘షీ టీములు’ ప్రారంభించారు. ఈ పద్ధతి సైబరాబాదుకూ, రాష్ట్రమంతటికీ వ్యాపించింది. ఈ జట్లలోని ఆడ పోలీసులు మఫ్టీలో, అంటే మామూలు బట్టలలో, జనం మధ్య నిలబడతారు. పోకిరీ చేసే పనిని రహస్యంగా వీడియో తీస్తారు. అదే సాక్ష్యం.

ఆడవాళ్ళు ఇటువంటి పని చేయటం కొత్త కాదు. అమెరికాలోని షికాగో నగరంలో అలన్ పింకర్టన్ అనే ఆయన డిటెక్టివు కంపెనీ నడిపేవాడు. 1856లో కేట్ వార్న్ అనే వితంతువు వచ్చి ఆయనను ఉద్యోగం అడిగింది. మగవాళ్ళు అడుగుపెట్టలేని చోట్ల ఆడవాళ్ళు రహస్యాలు రాబట్టగలరని వాదించి, ఉద్యోగం సంపాదించింది. 1861 ఫిబ్రవరిలో, అధ్యక్షుడుగా ఎన్నికైన లింకన్‌ను బాల్టిమోరు నగరంలో చంపటానికి కుట్ర జరుగుతున్నదని పింకర్టన్‌కు తెలిసింది. కేట్ వార్న్, జబ్బుపడిన తన అన్న కోసమని చెప్పి, రాత్రి రైలులో పడకలు తీసుకున్నది. ఆ ‘అన్న’ లింకనే! 23వ తేదీ ఉదయం ఆయన క్షేమంగా వాషింగ్టను చేరాడు.

ఇటువంటి స్త్రీలను నాయికలుగా పెట్టి ఇప్పుడు అమెరికాలో కొందరు క్రైస్తవ రచయితలు చారిత్రక నవలలు రాస్తున్నారు. దైవభక్తి గల నాయికకు ఇక్కడే చిక్కు వస్తుంది. బైబిలులోని పది ఆజ్ఞలలో ఒకటి అబద్ధసాక్ష్యాన్ని నిషేధిస్తుంది. మరి దొంగపేరుతో తిరగవచ్చునా?

ఆ ఆజ్ఞను కాస్త నిదానంగా ఆలోచించండి. తోటి మనిషి మీద లేనిపోని నేరం మోపటాన్ని అది కాదంటున్నది. లింకన్‌ను కాపాడిన మాట ఎవరి మీదా నేరం మోపలేదు. మఫ్టీలో ఉన్న ఆడ పోలీసు కూడా నేరాన్ని పుట్టించకూడదు; జరిగినదాన్ని చూడాలి, అంతే. పైగా ఆమె వేషం వీధి వరకే. కోర్టులో బోనెక్కగానే అసలు పేరు చెప్పి, ప్రమాణం చేసి, చూసినదే చెప్పాలి.

ఇక మీకొక ప్రశ్న. ‘‘ఇతడు ఆ పిల్ల చెయ్యి పట్టుకోవటం మీరు చూశారా?’’ అని కోర్టులో ఆమెను అడిగారనుకోండి. వాడు పోకిరీ అని ఆమెకు తెలుసు. కాని చెయ్యి పట్టుకోవటం చూడలేదు. ఏమి చెప్పాలి?

‘‘చూడలేదు’’ అనే చెప్పాలి. ఇవాళ ఒక పోకిరీ తప్పించుకుపోతే రేపు పట్టుకోవచ్చు. కాని పోలీసు చెప్పినది అబద్ధమని ఒక్కసారి తేలితే, రేపు నిజం చెప్పినా ఎవరూ నమ్మరు. అప్పుడు బస్సు స్టాపులో నిలబడిన ఆడపిల్లకు దిక్కెవరు?