జ్వరం వచ్చిన రాత్రి ఎవరిని అడగాలి?

విశాఖపట్నం కంచరపాలెంలో పసిబిడ్డ టీకాల సంగతి తల్లికి గుర్తుచేసేది ఎక్కువగా డాక్టరు కాదు. కాన్పు ఘోషాసుపత్రిలో అయినా, శ్రీకాకుళం వైపు పుట్టింట్లో అయినా, బిడ్డతో తిరిగొచ్చాక తలుపు తట్టేది ఆశా కార్యకర్త, సూది వేసేది ఏఎన్ఎం నర్సమ్మ. అత్తగారు, పక్కింటి అక్క, యూట్యూబ్ ఆ తర్వాతే.

టీకా వేశాక నాలుగు మాటలు చెప్పాలని ఏఎన్ఎంలకు శిక్షణలో నేర్పుతారు. ఏ టీకా వేశారు, అది ఏ జబ్బును ఆపుతుంది; ఏ ఇబ్బంది రావచ్చు, వస్తే ఏం చేయాలి; మళ్లీ ఎప్పుడు రావాలి; కార్డు జాగ్రత్త. పిల్లలందరూ ఒక్కసారే గుక్కపెట్టి ఏడ్చే ఆ గదిలో తల్లి చెవికెక్కేది తర్వాతి తేదీ ఒక్కటే. జారిపోయేది రెండో మాట, ఇబ్బంది వస్తే ఏం చేయాలన్నది.

దాని ఖరీదు టీకా వేసిన రాత్రి తెలుస్తుంది. ఒకటిన్నర నెలకు వేసే పెంటావాలెంట్‌లో చంపిన కోరింతదగ్గు బ్యాక్టీరియాను మొత్తంగా వాడతారు. అందుకే జ్వరం, తొడ మీద గట్టి వాపు. ప్రైవేటులో దొరికే ‘నొప్పిలేని సూది’లో ఆ బ్యాక్టీరియా ముక్కలే ఉంటాయి. జ్వరం తక్కువ, ధర ఎక్కువ, కోరింతదగ్గు నుంచి రక్షణ మాత్రం త్వరగా పలచబడుతుంది. ఇది ముందే చెప్పకపోతే, ఒళ్లు కాలిపోతున్న బిడ్డను ఎత్తుకున్న తల్లికి సర్కారు మందు నాసిరకమనే అనిపిస్తుంది. ఆమెది మూఢనమ్మకం అనడం మనకు సులువు.

పుకారు దూరేది ఈ సందులోనే. 2017 ఫిబ్రవరిలో తమిళనాడులో తట్టు-రుబెల్లా టీకాల కార్యక్రమం మొదలవగానే వాట్సాప్ వదంతులు చెలరేగాయి. ఆగస్టులో అదే టీకా తెలుగు రాష్ట్రాలకు వచ్చింది. ఇలాంటి భయం పాతదే: తట్టు టీకాకూ ఆటిజానికీ ముడిపెట్టిన 1998 నాటి వ్యాసాన్ని పన్నెండు మంది పిల్లలను చూసి రాశారు. లాన్సెట్ పత్రిక 2010లో దాన్ని ఉపసంహరించుకుంది. ఆ సంగతి మాత్రం ఫోన్లలో తిరగదు.

పుట్టింట్లో మొదటి డోసు, ఇక్కడ రెండోది పడే బిడ్డల లెక్క తప్పకుండా యూ-విన్ అనే టీకా నమోదు యాప్ వచ్చింది. మంచిదే. కానీ యాప్ తేదీ చెబుతుంది, బిడ్డ ఒళ్లు పట్టుకుని చూడదు.

బుధవారం సూది పడితే గురువారం పొద్దున్నే ‘జ్వరం తగ్గిందా అమ్మా?’ అని ఒక్క ఫోను వెళ్లాలి. 2019లో వార్డు సచివాలయాలు పెట్టినప్పుడు ఏఎన్ఎం అక్కడి ఉద్యోగి కూడా అయింది. ఆమె మీద మోపిన సర్వేలు కొన్ని తగ్గించి, ఆ ఫోనును డ్యూటీగా లెక్కకట్టాలి. ఆ ఉత్తర్వు ఇవ్వాల్సింది ప్రభుత్వమే.