రక్తపరీక్ష విధివ్రాత కాదు

గుండెకు శస్త్రచికిత్స సవ్యంగా ముగిసిన తరువాత కూడా కొందరిని సెప్సిస్ అనే ఉపద్రవం చుట్టుముడుతుంది. సూక్ష్మజీవులను ఎదుర్కొనబోయిన దేహం అదుపు తప్పి తన అవయవాలనే దెబ్బతీసుకొనే స్థితి ఇది. అట్టి వేళ స్వదేశంలోని ఆస్పత్రి నుంచి ఫోనులో వచ్చే అంకెలనే విదేశాలలోని బిడ్డలు విధివ్రాతగా భావిస్తుంటారు. "ప్రోకాల్సిటోనిన్ 10 దాటిందట, ఇక ఆశ లేనట్లేనా?" అన్నది వారి ఆందోళన. ఆ అంకెకు అంతటి అధికారం ఇవ్వడం తగదు.

1930లో కనుగొన్న సి-రియాక్టివ్ ప్రోటీన్‌ను కాలేయం తయారుచేస్తుంది. సూక్ష్మజీవి ఏదీ సోకకున్నా, కత్తిగాటు వల్ల, గుండె-ఊపిరితిత్తుల యంత్రపు గొట్టాలను రక్తం తాకడం వల్ల అది పెరిగి, రెండు మూడు రోజులకు గరిష్ఠస్థాయికి చేరుతుంది. ప్రోకాల్సిటోనిన్ 116 అమైనో ఆమ్లాల గొలుసు. తీవ్రమైన బాక్టీరియా వ్యాధులలో అది అధికమవుతుందని 1993లో ఫ్రెంచి పరిశోధకులు వెల్లడించారు. శస్త్రచికిత్స తరువాత ఇదీ కొంత పెరుగుతుంది. కాని దాని అర్ధాయువు సుమారు ఒక దినమే కనుక, ఉపద్రవం లేకపోతే త్వరగా దిగిపోతుంది. మూత్రపిండాలు మందగిస్తే ఆ లెక్కా తప్పుతుంది. ఇక లాక్టేట్, కణాలకు ప్రాణవాయువు చాలనప్పుడే గాక, అడ్రినలిన్ మందు ఇచ్చినప్పుడూ పెరుగుతుంది.

అంకెలు నిరర్థకమని దీని భావం కాదు. 2016 నాటి అంతర్జాతీయ నిర్వచనం ప్రకారం, సెలైన్ తగినంత ఎక్కించినా రక్తపోటు నిలపడానికి మందులు అవసరమై, లాక్టేట్ లీటరుకు 2 మిల్లీమోళ్లు మించితే అది సెప్టిక్ షాక్. అట్టి రోగులలో మరణాలు 40 శాతం పైబడి ఉంటాయి. అయితే అది ఒక సమూహపు లెక్క. మంచం మీద ఉన్న ఆ ఒక్క మనిషి ఎటువైపు చేరేదీ అది చెప్పజాలదు. 2021 నాటి అంతర్జాతీయ మార్గదర్శకాలు సైతం, యాంటీబయాటిక్ మొదలుపెట్టడానికి ప్రోకాల్సిటోనిన్‌ను ఆధారం చేసుకోవద్దని సూచించాయి; మందు ఎప్పుడు ఆపాలన్న నిర్ణయంలో మాత్రం, వైద్యుని పరిశీలనకు తోడుగా, వినియోగించుకోవచ్చన్నాయి.

కావున దూరాన ఉన్న కుటుంబం అడగవలసినది ఒక్కనాటి అంకెను కాదు. "నిన్నటికంటె పెరిగిందా, తగ్గిందా? శ్వాస, మూత్రం, స్పృహ ఎట్లా ఉన్నాయి?" అని విచారించాలి. వరుసగా మూడు రోజులు దిగుతున్న పెద్ద అంకె, వరుసగా ఎక్కుతున్న చిన్న అంకెకంటె ఎక్కువ ఆశను ఇవ్వవచ్చు. చికిత్స కొనసాగించాలా, విరమించాలా అన్న నిర్ణయాన్ని రోగిని కళ్లారా చూస్తున్న వైద్యుడు, అతనిని ఎరిగిన ఆత్మీయులు కలసి తీసుకోవాలి. ఒక్క రక్తపు చుక్కపై అంతటి భారం మోపడం విజ్ఞానం అనిపించుకోదు.