కుక్కల పార్లర్ అమ్మాలంటే...

తెనాలిలో ఓ చిన్న పెట్ గ్రూమింగ్ సెంటరు ఉందనుకోండి. నడిపేది ఒకామె. కుక్కలకు స్నానం చేయించడం, బొచ్చు కత్తిరించడం, గోళ్లు తీయడం, చెవులు శుభ్రం చేయడం... అన్నీ ఆమే. సాయానికి ఓ కుర్రాడు. రేపల్లె నుంచీ, బాపట్ల నుంచీ కూడా కార్లలో కుక్కల్ని తీసుకొస్తుంటారు. ఇప్పుడామె కాపురం బాపట్లకు మారుతోంది. సెంటరు అమ్మేయాలి. టబ్బు, డ్రయ్యరు, క్లిప్పర్లు, టేబులు అన్నిటికీ కలిపి ఓ వెల కట్టేస్తే సరిపోతుందా?

సరిపోదు. వాడేసిన సామానుకు ఎంతొస్తుంది? కొనేవాళ్లు చూసేది నెలకు ఎంత మిగులుతుందని. చాలామంది లెక్క తప్పేది ఇక్కడే. నెలకు 60 వేలు వస్తున్నాయనుకుందాం. అద్దె 8 వేలు, కరెంటూ నీళ్లూ 4 వేలు, కుర్రాడి జీతం 12 వేలు, షాంపూలూ తువ్వాళ్లూ 6 వేలు. మిగిలేది 30 వేలు. అంతా లాభమే అనిపిస్తుంది. మరి పొద్దుట్నుంచీ నిలబడి చేసిన ఆమె కష్టానికి జీతమేదీ? ఆ పనికి మనిషిని పెట్టి 18 వేలివ్వాల్సొస్తే అసలు లాభం 12 వేలే. సొంతంగా చేసుకునేవారు కొంటే 30 వేలూ చూస్తారు, మనిషిని పెట్టి నడుపుదామనుకునేవారు 12 వేలే చూస్తారు. బేరానికి కూర్చునేముందే ఈ రెండంకెలూ తెలిసుండాలి.

రుజువులూ కావాలి. రద్దీగా ఉన్న ఒక్క వేసవి నెల చూపిస్తే ఎవరూ నమ్మరు. కనీసం 12 నెలల లెక్కల పుస్తకం, బ్యాంకు స్టేట్‌మెంటు ఉండాలి. ఏడాదికి 20 లక్షలు దాటని సేవలకు మామూలుగా జీఎస్టీ రిజిస్ట్రేషన్ అక్కర్లేదు కాబట్టి చిన్న సెంటర్లకు సొంత లెక్కే దిక్కు. మున్సిపాలిటీ ట్రేడ్ లైసెన్సు కొత్తవారి పేరుకు ఎలా మారుతుందో, ఇంటాయన వాళ్లకు అద్దెకు కొనసాగిస్తాడో లేదో ముందే కనుక్కోవాలి.

‘మీరు తప్ప ఎవరు ముట్టుకున్నా మా టామీ ఊరుకోదండీ’ అంటే వినడానికి ఎంత బాగుంటుందో! అమ్మేటప్పుడు మాత్రం అదే పెద్ద లోటు. అందుకే రెండు మూడు నెలల ముందునుంచే కుర్రాడి చేత పని చేయించాలి. ఏ కుక్కకు టీకాలు ఎప్పుడేయించారు, దేనికి ఏ షాంపూ పడదు, ఏది చెవి ముట్టుకుంటే కరవబోతుంది... ఇవన్నీ ఆమె బుర్రలోంచి నోటుబుక్కులోకి రావాలి. ఫోన్ నంబర్లు ఇచ్చేముందు కుక్కల యజమానుల్ని ఓ మాట అడగడం మర్యాద.

ఇక బాపట్ల సంగతి. అక్కడ ఆమె మళ్లీ సెంటరు పెడితే? 1872 నాటి కాంట్రాక్టు చట్టం 27వ సెక్షను ప్రకారం, ఫలానా వ్యాపారం చేయొద్దని కట్టడి చేసే ఒప్పందాలు చెల్లవు. అయితే గుడ్‌విల్ అమ్మినవారికి మినహాయింపుంది. కొన్నవారు వ్యాపారం నడుపుతున్నంతకాలం, సబబైన హద్దుల్లో తాము అదే వ్యాపారం చేయబోమని రాసివ్వొచ్చు. ఆ హద్దుల్లో తెనాలి ఒక్కటే ఉంటుందా, రేపల్లె, బాపట్ల కూడానా? మూడూ రాస్తే ధర పెరగొచ్చు కానీ ఆమెకు చేతిలో పని ఉండదు. బాపట్ల వదిలేయమంటే ఆ ఊరి కార్లను కొనేవాళ్లు లెక్కలోంచి తీసేస్తారు. అవి నెలకు ఎన్నొస్తున్నాయో పుస్తకం తిరగేస్తే తెలిసిపోతుంది. నాలుగో ఐదో అయితే వాటికోసం బతుకుతెరువు రాసిచ్చేయడం ఎందుకు? ఆ మాటేదో మొదటిరోజే చెప్పేసి, సంతకాలకు ముందు కాగితం ఓసారి ప్లీడరుకు చూపించుకుంటే సరి.