కట్ట మీది కావలి ఏమైంది?

2023 జూలై 27 తెల్లవారుజామున భూపాలపల్లి పక్కనున్న మోరంచపల్లిని వాగు ముంచింది. జనం దాబాలెక్కి కేకలు పెట్టిండ్రు. తెల్లారినంక హెలికాప్టర్లు వచ్చినయి, టీవీలు చూపించినయి. అప్పటికే కొట్టుకపోయినోళ్లు మాత్రం మళ్లా రాలేదు. పక్క ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఆ 24 గంటల్లో 649.8 మిల్లీమీటర్ల వాన పడిందట. వానను పాయింటుతో సహా కొలిచిన సర్కారుకు, ఆ నీళ్లు ఏ ఊరి మీద పడతయో ఆ ఊరికి చెప్పే మనిషి లేడా?

ఒకప్పుడు ఉండె. గొలుసుకట్టు చెరువుల గడ్డ ఇది. పై చెరువు మత్తడి దుంకితే నీళ్లు కిందిదానికే, పై కట్ట తెగితే కిందిది నిలవదు. అందుకే నీరటి. తూము ఎప్పుడు లేపాలె, కట్టకు బుంగ ఎక్కడ పడ్డది, ఆయనకే ఎరుక. ఆయన కేకేస్తే ఊరు ఊరంతా గడ్డపారలు, తట్టలు పట్టుకొని ఉరికేది. (ఆ చాకిరికి దక్కింది నాలుగు గింజలు. ఆ వెట్టిని మళ్లా తెమ్మంటలేం.) నీరటి పోయి వీఆర్ఏ అయిండు. 2023లో ఆ వ్యవస్థా రద్దయింది. వాళ్లను వేరే శాఖల్లోకి తీసుకున్నరు, న్యాయమే. కట్ట మీద జాగ మాత్రం ఖాళీ!

2005 విపత్తు చట్టం అధికారం కలెక్టర్ దగ్గర పెట్టి, పంచాయతీని ఆయన మాట వినే బంటును చేసింది. 2021లో కేంద్రం ‘ఆపద మిత్ర’ కింద 350 జిల్లాలకు లక్ష మంది వాలంటీర్లన్నది. లెక్కేయండి, జిల్లాకు మూడు వందలు కూడా రారు! ఇక సెల్లుకు మెసేజ్ పంపుతరట. కరెంటు పోయి, టవర్ పడ్డ రాత్రి దాన్ని ఎవరు చదవాలె?

ఊరు కూడా కడిగిన ముత్యం కాదు. శిఖం భూమి దున్నిందెవరు? మత్తడి మీద రాళ్లు పేర్చి నీళ్లు ఆపిందెవరు? ముందు మునిగేది మాత్రం పల్లంల ఉన్న వాడలు. కాబట్టి ఆ వాడలోళ్లు లేని కమిటీ మాకొద్దు. ఆ కమిటీకి తూము మీద హక్కు, తాళ్లు, పడవ, సైరన్, ఇసుక బస్తాలకు పైసలు ఇయ్యాలె. పై ఊరి నుంచి కింది ఊరికి కబురు చెప్పే మనిషికి నెలనెలా జీతమియ్యాలె.

ఉద్యోగులారా, విద్యార్థులారా! ఈసారి ఊరికి పోయినప్పుడు గ్రామసభలో అడగండి: వాన కొట్టే అర్ధరాత్రి మన కట్ట మీద ఎవరుంటరు?